ఏ తూటాలో ఉందో

ఇప్పుడు చెప్పాలి. హాజీ చెంప తుపాకీ కర్రకు ఆనకముందే చెప్పాలి. ఆనించాక చెబితే ఉలిక్కిపడి ట్రిగ్గరు నొక్కేస్తాడేమో. నొక్కితే లోపల ఉన్నది మంచి తూటానో చెడ్డ తూటానో ముత్యానికి తెలియదు, హాజీకి అసలే తెలియదు, పేలాక గానీ ఎవరికీ తెలియదు. ఇసుక చల్లగా ఉంది, బోర్లా పడుకుంటే చలి చొక్కాలోంచి పొట్టకు ఎక్కుతోంది. తెల్లవారింది కానీ పొద్దు పొడవలేదు. ఉత్తరాన చమురు బావుల దగ్గర గ్యాసు మంట ఒకటి పొగమంచులో ఎర్రగా ఊగుతోంది, దాని ఇవతల రోడ్డు, రోడ్డు పక్కన పికప్పు, అందులో కిటికీలు మూసుకుని డ్రైవరు నిద్రపోతుంటాడు. ఇక్కడ ఇద్దరే, డెబ్బై దాటిన హాజీ మన్సూర్, అతని కుడిపక్కన మూరెడు దూరంలో అతని ఇంటి పనివాడు ముత్యం. హాజీకి కుడి చెవే సరిగ్గా వినపడుతుంది, గుసగుసగా చెప్పాలంటే ఈ పక్కనే పడుకోవాలి. తూటాను లోపలికి తోసే బోల్టు కూడా ఈ పక్కనే. తుపాకీ గొట్టం పగిలితే ఇనుము ముందు ఆయన కంట్లోకి, ఆ తర్వాత నా కంట్లోకి, మధ్యలో అడ్డం ఏముంది, ఈ కాస్త గాలి తప్ప.

"లూలూ, వచ్చాయా?" అన్నాడు హాజీ, పెదవులు కదలకుండా.

"రాలే బాబా."

వచ్చాయి. కంచె వారగా తుప్పల మధ్య తెల్లటి పొట్టలు కనిపిస్తూనే ఉన్నాయి, చెవులు కనిపిస్తున్నాయి, అన్నిటికంటే వెనక తల వంచుకుని మూడుకాళ్ళ మీద గెంతుతున్న మగజింక కనిపిస్తోంది. అబద్ధం ఇంత సులువుగా ఎట్లా వచ్చింది నోటికి. హాజీ ఆ వైపే చూస్తున్నాడు, కంట్లో పొరకు అవన్నీ ఇసుకలో ఇసుకలా ఉంటాయి కాబోలు. అందుకే కదా నన్ను తెచ్చుకున్నాడు, జింక ఎక్కడుందో నేను చెబితే ఆయన తుపాకీ అటు తిప్పుతాడు, ఆ తర్వాత తుపాకీ మీద దుర్బిణీ ఉంది గనుక చూసుకుంటాడు. ఈ కంచె లోపలి నేలంతా ఆయనదే, బహ్రెయిన్‌లో సఖీర్ దాటి దక్షిణంగా వస్తే రాళ్ళూ ఇసుకా తప్ప ఏమీ లేని నేల. ఎన్నడో రీమ్ జింకల జంటలు కొని ఇందులో వదిలాడట, అవే ఇంత మంద అయ్యాయి. ఎవరినీ వేటాడనివ్వడు. కానీ ఆ మగజింక కాలు కంచె తీగల్లో ఇరుక్కుని విరిగింది, ఎముక బయటికి వచ్చింది, పశువుల డాక్టరు చూసి ఇక అది బతకదు, చంపి పుణ్యం కట్టుకోండి అన్నాడు. చంపడానికి మనిషిని పంపుతానని కొడుకు రాషిద్ అంటే హాజీకి కోపం వచ్చింది. నా జింక. నా చేత్తో, నా తుపాకీతో, నేను కట్టిన తూటాతో, అన్నాడు.

తూటాలు ఆయనే కడతాడు. జిదాఫ్స్‌లోని తన ఇంట్లో ఖర్జూరం చెట్ల వైపున్న చిన్నగదిలో తూటాలకు గుండ్లు బిగించే ప్రెస్సు, ఒక కాటా, తుపాకీ మందు డబ్బాలు. వయసులో ఉన్నప్పుడు దేశాలు తిరిగి వేటాడిన మనిషి, ఏ తుపాకీకి ఎంత మందు పడుతుందో తుపాకీని అడిగినట్టే చెప్పేవాడు. ఇప్పుడు భుజం దెబ్బ ఓర్చుకోలేదు, పైగా చిన్న జింక, మాంసం చెడిపోకూడదు, అందుకని ఈ చిన్న రైఫిలుకు తేలికైన తూటాలు. తొందరగా మండే రకం మందు, కొంచెమే. తూటా ఇత్తడి గొట్టంలో అడుగున అంత, పైన అంతా ఖాళీ. ఆ ఖాళీయే ముత్యానికి మొదటినుంచీ నచ్చలేదు. మామూలు తూటాలో మందు గొట్టం నిండా ఉంటుంది, పొరపాటున రెండోసారి పోస్తే పొర్లి బల్ల మీద పడి తప్పు తానే చెప్తుంది. ఇందులో రెండోసారి పోసినా పట్టేస్తుంది, పైన గుండు బిగిస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. అది పేలితే, అని హాజీయే ఒకసారి చెప్పాడు, తుపాకీ ఉండదు, పట్టుకున్న చెయ్యీ ఉండదు.

నిన్న సాయంత్రం గరాటు కదిలిందా? అదొక్కటి గుర్తొస్తే చాలు. చెక్కదిమ్మ రంధ్రాల్లో గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి, హాజీ ఇత్తడి చెంచాతో మందు ముంచి, అట్టముక్కతో అంచు గీసి, గరాటులో పోస్తున్నాడు, గరాటు తీసి పక్క గొట్టం మీద పెడుతున్నాడు, మళ్ళీ ముంచుతున్నాడు. ముత్యం గుండ్లు బట్టతో తుడుస్తున్నాడు. అప్పుడు ఫోను మోగింది. జుఫైర్‌నుంచి రాషిద్. పక్కగదిలోంచి హాజీ గొంతు లేచింది. "నా కళ్ళు నా ముఖాన ఉన్నాయి, నీ ముఖాన కాదు. తుపాకులు ఎవరికిస్తాను? ఎవరికీ ఇవ్వను. నేను పోయాక తీసుకుపో." ఫోను పెట్టేసిన చప్పుడు. హాజీ చెవులు ఎర్రగా చేసుకుని వచ్చి నిలబడే చెంచా ముంచి గరాటులో పోశాడు. ఆ గరాటు ఎక్కడుంది? ఫోను రాకముందు పోసిన గొట్టం మీదే ఉండిపోయిందా, లేక లేచేముందే తీసి పక్కదాని మీద పెట్టి వెళ్ళాడా? ముత్యం కళ్ళు గుండ్ల మీద ఉన్నాయి. కంటిచివర ఒక చెయ్యి కదిలింది, అది గరాటును కదిపిన చెయ్యా, చెంచా పట్టిన చెయ్యా? ఎప్పుడూ అన్నీ పోశాక ముత్యం టార్చి వేసి ఒక్కో గొట్టంలోకి తొంగిచూసి అన్నీ సమంగా ఉన్నాయని చెప్పాకే గుండ్లు బిగించేవారు. నిన్న టార్చి తీయగానే హాజీ దాన్ని లాక్కుని సొరుగులో పడేశాడు. "నీకూ నమ్మకం లేదా? నిన్ను కూడా వాడే పంపాడా?" అని తానే ప్రెస్సు పిడి పట్టుకుని దబదబా బిగించేశాడు. తర్వాత అన్నీ ఒకే పెట్టెలో గలగలమని పడ్డాయి. ఏది ఏదో దేవుడికెరుక. గదికి తాళం, తాళంచెవి ఆయన జేబులో.

వాడే పంపాడా అంటే ఏం చెప్పాలి. పోయిన శుక్రవారం రాషిద్ గేటు దగ్గర ఆపి మెల్లగా అడిగిన మాట నిజమే కదా. "ముత్యం, మా నాన్నకు కనపడటం లేదు. నువ్వు పక్కనే ఉంటావు. ఏదైనా తేడా చూస్తే నాకు చెప్పు." చెడ్డవాడు కాదు రాషిద్, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ మాట అంటుంటే. ముత్యం తల ఊపాడు, కానీ ఆ తర్వాత ఒక్క సంగతీ చేరవేయలేదు. కూలీల క్యాంపులో ఇరవైమంది మధ్య ఇనుప మంచం మీద పడుకునే తనను హాజీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. పేరేమిటని అడిగి, దాని అర్థం అడిగి, నీటి అడుగున దొరికే ముత్యమని చేతులతో చూపిస్తే పకపకా నవ్వి, మా నాన్న జీవితమంతా సముద్రంలో మునిగి వెతికిన ముత్యానివి నువ్వు, మా వాకిట్లోకి నడిచి వచ్చావా, అన్నాడు. లూలూ అంటే వాళ్ళ భాషలో అదే. ఆ మనిషి ముఖం మీద, నీకు కనపడదు, అని ఎట్లా అనడం.

అదీగాక తన అనుమానాన్ని తానే ఎట్లా నమ్మడం? ఊళ్ళో తన పేరే అనుమానాల ముత్యం. లింగన్న మేస్త్రి దగ్గర బావులు తవ్వేటప్పుడు బండకు తూట్లు పెట్టి మందు దట్టించి వత్తి అంటించి పైకొచ్చి అందరూ దూరంగా కూర్చుని చప్పుళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. ఆ రోజు ఒకటి తక్కువ వినపడింది ముత్యానికి. ఒకటి పేలలేదు, ఎవరూ దిగొద్దని బావి గట్టు మీద చేతులు చాపి నిలబడ్డాడు. బావి యజమాని తిట్టాడు, కూలివాళ్ళు ఎండలో నవ్వుకున్నారు, పొద్దు వాలేదాకా ఎవరినీ దిగనివ్వలేదు. చివరికి లింగన్నే తాడు పట్టుకుని దిగి, లోపల్నుంచి అరిచాడు. "రెండు కల్సి పేలినయ్ రా! అన్ని మంచిగనే ఉన్నయ్. నీ అనుమానం పాడుగాను, దినం గంగల కలిపినవ్ గదరా!" ఆ తర్వాత లింగన్న పనికి పిలవలేదు. భార్య లసుమవ్వ అయితే ఇంట్లోనే నవ్వేది. తలుపు గొళ్ళెం పెట్టాక లేచి వెళ్ళి చూసి, పడుకుని, మళ్ళీ లేచి వెళ్ళి చూస్తుంటే, "దుబాయి పోతె ఆడ ఎవ్వల తలుపులు చూస్తవయ్యా నువ్వు?" అనేది. ఆమెకు బహ్రెయిన్ అయినా దుబాయే. నిజానికి ఒక్కసారైనా గొళ్ళెం తీసి ఉందా? లేదు. ఎప్పుడూ పెట్టే ఉంది. తన అనుమానం ఈ జన్మలో ఒక్కసారి కూడా నిజం కాలేదు, అయినా ప్రతిసారీ నిజంలాగే ఉంటుంది, ఇదిగో ఇట్లాగే.

"లూలూ. నాకు వాసన వస్తోంది. వచ్చాయి." హాజీ గొంతులో కోపం లేదు, నవ్వు ఉంది, చిన్నపిల్లవాడి నవ్వు. "ఎక్కడ?"

ఇక అబద్ధం లేదు. "కంచె వైపు. ఎండిన తుప్ప ఉందిగదా, దాని ఎడమ పక్కన. ఆఖరిది."

బోల్టు వెనక్కి వచ్చి ముందుకు పోయింది. తూటా లోపలికి జారిన చప్పుడు సన్నగా, నూనె చప్పుడు. హాజీ చెంప కర్రకు ఆనింది. బిస్మిల్లా అన్నాడు. ముత్యం నోరు తెరిచేలోపే కళ్ళు మూసుకున్నాయి. లసుమవ్వ గొళ్ళెం పెట్టిన చప్పుడు, లింగన్న తాడు, చెవుల్లో బావి. పేలింది. చిన్న చప్పుడు, కొమ్మ విరిగినట్టు. కళ్ళు తెరిస్తే హాజీ ముఖం హాజీ ముఖంలాగే ఉంది, చెయ్యి చెయ్యిలాగే ఉంది, మంద అంతా దుమ్ము లేపుకుంటూ పోతోంది, కుంటిది మాత్రం పోలేక అక్కడే తిరుగుతోంది.

"తగిలిందా?"

"చూడలే బాబా."

హాజీ తల తిప్పి ముత్యాన్ని చూశాడు. "కళ్ళు మూసుకున్నావు. చూడటానికే కదా నిన్ను తెచ్చింది. ఏమైంది నీకు?" జవాబు కోసం ఆగలేదు, బోల్టు లాగాడు, ఖాళీ గొట్టం ఎగిరి ముత్యం మోచేతి దగ్గర పడి వేడిగా తగిలింది. ఇంకొక తూటా లోపలికి పోయింది. హాయి అనిపించిన క్షణం ఎంతసేపు, కన్ను మూసి తెరిచినంతసేపు. అది మంచిదైతే చెడ్డది ఇంకా మిగిలే ఉంది. తీసిన ప్రతి మంచి తూటాతో చెడ్డది ఒక అడుగు దగ్గరికి వస్తుంది, ఒకవేళ ఉంటే, ఉంటేనే, లేకపోతే నేను మళ్ళీ బావి గట్టు మీద చేతులు చాపి నిలబడ్డ వెర్రివాణ్ణి, ఈసారి ఈయన కూడా నవ్వుతాడు, నవ్వితే నయమే, నవ్వకుండా లేచి, నువ్వు రాషిద్ మనిషివి, క్యాంపుకి పో, అంటే? పోతాను. ఇనుప మంచం మీద పడుకుంటాను. కన్ను ఉంటుంది కదా ఆయనకు. ఉన్న పాటి కన్ను.

చెయ్యి ముందే పోయింది, మాట తర్వాత వచ్చింది. బోల్టు పిడి మీద, హాజీ వేళ్ళ మీద ముత్యం అరచెయ్యి పడింది.

"వద్దు బాబా."

హాజీ వేళ్ళు బిగుసుకున్నాయి. ముత్యం నోటికి అరబ్బీ రాలేదు, హిందీ రాలేదు, ఊరి మాటే వచ్చింది, తర్వాత తడుముకుంటూ అన్నీ కలిపి మళ్ళీ చెప్పాడు. "నిన్న ఫోనొస్తే లేచి పోయినవ్. వచ్చినంక గరాటు జరపలే అనిపిస్తుంది నాకు. పోసిన దాంట్లనే మల్ల పోసినవేమో. ఒక్క దాంట్ల రెండు చెంచాలు ఉన్నయేమో."

"చూశావా?"

"చూడలే. అనుమానం."

"అనుమానం." ఆ మాటను హాజీ నోట్లో పెట్టుకుని నమిలినట్టు అన్నాడు. "రాషిద్ ఎంతిచ్చాడు నీకు ఈ అనుమానానికి?"

జింక మళ్ళీ ఆగింది, ఎముక బయటికొచ్చిన కాలు గాలిలో ఉంది, మిగిలిన మూడూ వణుకుతున్నాయి.

"భయమైతే పో. బండి దగ్గరికి పో. యల్లా!"

పోవచ్చు. లేచి వంగి నడిస్తే పికప్పు దగ్గరికి ఎంతసేపు, వెనక చప్పుడు వినపడితే మంచి చప్పుడో చెడ్డ చప్పుడో అక్కడినుంచే తెలుస్తుంది. చెప్పవలసింది చెప్పేశాను, ఇక నా బాధ్యత ఏముంది, అని మనసు కాళ్ళకు చెబుతూనే ఉంది, కాళ్ళు వినటం లేదు. ఈ మనిషి ఒంటరిగా ఇసుకలో పడి ఉండగా ఆ చప్పుడు వినడం కంటే పక్కన ఉండటమే తేలిక. చేతిని వెనక్కి తీసుకున్నాడు. పోలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి, చెంప ఇసుకకు ఆనించి, బోల్టు వైపే ముఖం పెట్టి పడుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. శ్వాస మాత్రం తన మాట వినకుండా గసపెడుతోంది, హాజీ మంచి చెవిలోకే పోతోంది ఆ శ్వాసంతా.

పొద్దు పొడిచింది, హాజీ తెల్లగడ్డం అంచున వెలుగు పడింది, ట్రిగ్గరు మీద వేలు ఉంది, వేలు మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. ఆ వేలు లేచింది. బోల్టు వెనక్కి వచ్చింది. తూటా ఎగిరి ఇసుకలో పడింది, హాజీ దాన్ని తడిమి వెతుకుతుంటే ముత్యం తీసి అరచేతిలో పెట్టాడు. తుపాకీలో మిగిలినవీ దింపాడు. "పిచ్చివాడా," అన్నాడు హాజీ, "పేలుతుందని నమ్మేవాడు పక్కన పడుకుంటాడా?"

జింకను అట్లా వదిలి పోలేరు. ఇద్దరూ చెరో పక్కనుంచీ దాన్ని కంచె మూలకు తోలారు, ముసలాయన పొడవాటి అంగీ అంచు నడుముకు దోపుకుని, ముత్యం చేతులు చాపి. మూలలో అది కూలబడింది, ఇక లేవలేదు. ముత్యం దాని మీద మోకాలు ఆనించి, మంచి కాళ్ళు కలిపి పట్టుకున్నాడు. దాని పక్కటెముకల కింద గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే తన గుండె నెమ్మదిగా ఉన్నట్టనిపించింది. హాజీ చేత్తో మెడ తడిమి నరం వెతుక్కున్నాడు, కత్తికి కళ్ళు అక్కర్లేదు. దేవుడి పేరు చెప్పాడు. ఒక్క కోత. వెచ్చటి నెత్తురు ముత్యం మణికట్టు మీద పారింది, కాళ్ళు తన్నుకుని తన్నుకుని మెల్లబడ్డాయి. దాన్ని బండిలో వేసుకుని ఇంటికి తెచ్చారు.

మధ్యాహ్నం హాజీ గది తాళం తీసి, తూటాల పెట్టె బల్ల మీద పెట్టి, "విప్పు," అన్నాడు. తూటా విప్పడానికి ఒక బోలు సుత్తి ఉంది, అందులో తూటా బిగించి నేల మీద గట్టిగా కొడితే గుండు ఊడి మందుతో సహా రాలుతుంది. హాజీ కాటాను చెంచాడు మందుకు సరిపెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. ముత్యం కొట్టాడు. మందు పళ్ళెంలో పోశాడు. కాటా ముల్లు మెల్లగా లేచి, ఊగి, గీత మీద నిలిచింది. "సరిగ్గా ఉంది బాబా." హాజీ తల ఊపాడు. ఇంకొకటి. సరిగ్గా ఉంది. ఇంకొకటి. ఒక్కో తూటా విప్పుతుంటే ముత్యం ఒంట్లో ఏదో తేలికవుతోంది, అదేమిటో అర్థమై ఆశ్చర్యపోయాడు. జీవితమంతా ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన అనుమానం నిజం కావాలని కోరుకున్న మనిషి ఇప్పుడు లోలోపల ఊరి దేవతలందరికీ మొక్కుతున్నాడు. అబద్ధం చెయ్యి తల్లీ, ఈసారి కూడా అబద్ధం చెయ్యి, లింగన్న నవ్వినట్టు ఈయన్ను నవ్వనీ, అందరిముందూ నన్ను వెర్రివాణ్ణని చెప్పుకోనీ, రాషిద్‌తో ఫోన్లో చెప్పి పడీపడీ నవ్వనీ. సరిగ్గా ఉంది బాబా. ఇదీ సరిగ్గా ఉంది. పెట్టె అడుగు కనిపిస్తోంది. హాజీ ముఖంలో కూడా రంగు తిరిగి వస్తోంది, కర్ర మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి, "చెప్పానా?" అని కూడా అన్నాడు, ప్రేమగానే అన్నాడు. ముత్యం నవ్వాడు. సుత్తిలో ఇంకొకటి బిగించి కొట్టాడు.

రాలిన మందు చూడగానే తెలిసింది. సుత్తి గిన్నెలో కుప్ప పెద్దది. హాజీ కళ్ళు అటే ఉన్నాయి, ఆ కళ్ళకు కుప్ప ఎంతో తెలియదు, మనిషి నోటి మాట ఎంతైతే అంతే. పళ్ళెంలో సగం పోసి సరిగ్గా ఉంది బాబా అంటే అయిపోయింది, మిగిలింది గుప్పిట్లో దాచుకుని బయట మట్టిలో కలిపేస్తే తుపాకీ గోడ మీదే ఉంటుంది, ముసలాయన నవ్వుతూ భోజనానికి లేస్తాడు. తర్వాత? వచ్చే శీతాకాలం? మళ్ళీ ఫోను మోగితే? చెయ్యి గాలిలో ఆగింది, హాజీ వేళ్ళ తాళం ఆగింది. ముత్యం మొత్తం పోశాడు.

ముల్లు ఊగలేదు. ఒక్కసారిగా లేచి పై ఇనుముకు కొట్టుకుంది. టక్.

ముత్యం నోరు తెరిచాడు. హాజీ చెయ్యి ఎత్తి ఆపాడు.

"చెప్పకు. విన్నాను."

గదిలో మందు వాసన, ఖర్జూరపు ఆకుల చప్పుడు. హాజీ ముందుకు వంగి పళ్ళెంలోని మందును వేలికొసతో తాకి, రెండు వేళ్ళ మధ్య నలిపాడు. తర్వాత కర్ర ఊతంగా లేచాడు, ముత్యం పట్టుకోబోతే వద్దన్నాడు, గోడ తడుముకుంటూ పక్కగదిలోకి వెళ్ళాడు. ఫోను డయలు తిరిగి వెనక్కి వస్తున్న చప్పుడు, ఒక్కో అంకెకూ ఆగి, తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి.

"రాషిద్. భోజనానికి రా. జింక మాంసం ఉంది." చేతికర్ర గోడకు ఆనించిన చప్పుడు. "తుపాకులు తీసుకుపోదువు గానీ. అన్నీ. నీకెవరూ చెప్పలేదు, నేనే చెబుతున్నాను, విన్నావా? లూలూని మాత్రం ఏమీ అడగకు."